మనసు ఒప్పుకోవడం లేదంటే అది దేవుని మాటేనా?

ప్రశ్న: అక్కా, మేము ఆరుగురం ఆడవాళ్ళం. ఎనిమిదేళ్ళుగా వారానికొకసారి కలిసి ప్రార్థన చేసుకుంటున్నాం. ఒకరి కష్టం ఒకరికి తెలియనిది లేదు, తోడబుట్టినవాళ్ళకన్నా ఎక్కువగా ఉంటాం. ఇప్పుడు మా సంఘానికి కొత్తగా వచ్చిన ఒకామె మాతో చేరతానని అడుగుతోంది. రెండుసార్లు వచ్చి కూర్చుంది కూడా. బాగా మాట్లాడుతుంది, ఆమె ప్రార్థన చేస్తుంటే మాలో ఇద్దరు కన్నీళ్ళు పెట్టుకున్నారు. కానీ ఆమె గదిలోకి వస్తే నాకు లోపల ఏదో బిగుసుకుపోయినట్టు ఉంటుంది. మొదటి రోజే నా చేయి పట్టుకుని, “మీ ఇంట్లో ఏదో భారం ఉంది, నాతో చెప్పుకోండి” అంది. మా పెద్దక్క ప్రార్థన చేసి, “దేవుడు నాకు వద్దని చూపించాడు” అంది. ఇంకొకామె, “రావాలనుకున్నవాళ్ళను ఆపడానికి మనమెవరం?” అంటోంది. మరొకామె, ఉత్తుత్తి రహస్యం ఒకటి చెప్పి అది బయటికి పొక్కుతుందో లేదో చూద్దామంటోంది. రెండేళ్ళ క్రితం నా కొడుకు విషయం ఒకటి మా ఆరుగురిలో చెప్పుకుని ఏడ్చాను. అది “ప్రార్థన మనవి” పేరుతో సంఘమంతా పాకిపోయింది. ఎవరి నోటి నుంచి వెళ్ళిందో మా అందరికీ తెలుసు. ఆమె ఇప్పటికీ మాతోనే ఉంది, ఆ మాట ఎవరం ఎత్తలేదు. అందుకే నాకింత భయం. ఇది ఆత్మల వివేచనా, ఉట్టి భయమా? ఎలా తెలుసుకోవాలి?
— ఒక సోదరి

సమాధానం: చెల్లెమ్మా, మీ ఉత్తరం దాదాపు అంతా కొత్తామె గురించే. కానీ అందులో మిమ్మల్ని నిజంగా గాయపరిచిన మనిషి ఆమె కాదు. ఆ సంగతికి వస్తాను. ముందు మీరు అడిగినదానికి జవాబు చెప్పాలి కదా.

వివేచనా, అంటే ఏది దేవుని నుంచి వచ్చిందో గుర్తుపట్టడమా, లేక భయమా అని విడదీసి అడిగారు. చాలాసార్లు రెండూ కలిసే వస్తాయి, వచ్చిన క్షణంలో ఒకేలా అనిపిస్తాయి. గుండె దడ, కడుపులో తిప్పినట్టుండడం, ఆ మనిషి వైపు చూడాలనిపించకపోవడం, ఇవన్నీ రెండింటికీ ఉంటాయి. కాబట్టి ఆ బిగింపును గంటలకొద్దీ తవ్వుకుంటూ కూర్చుంటే ఏమీ తేలదు. అలాగని కొట్టిపారేయనూ వద్దు. ఎక్కడో ఏదో చూడాల్సింది ఉందని అది చెబుతోంది, అంతవరకు నమ్మండి. ఏం ఉందో అది చెప్పలేదు. అది మీరు కళ్ళతో చూసి తెలుసుకోవాలి.

ఒక కాగితం తీసుకుని ఆమె గురించి మీకు తెలిసినవి ఒకవైపు, అనిపించినవి ఇంకోవైపు రాయండి. మీ ఉత్తరాన్ని నేను అలాగే చదివాను. అనిపించినవే ఎక్కువ. తెలిసినవి రెండు. ఆమె బాగా ప్రార్థిస్తుంది. మొదటి రోజే మీ ఇంటి భారం తనకు చెప్పమంది.

రెండోదాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పరిచయమైన రోజే లోపలి మాట అడిగేవాళ్ళు కొందరు ప్రేమ కొద్దీ అడుగుతారు. అంతకుముందు వాళ్ళున్న సహవాసంలో అదే పద్ధతి అయి ఉండొచ్చు, అడగకపోతే పట్టించుకోలేదనుకునే చోటు నుంచి వచ్చి ఉండొచ్చు. ఇంకొందరికి నలుగురి రహస్యాలు తమ దగ్గర ఉంటేనే తమకు విలువ ఉన్నట్టు ఉంటుంది. ఈమె ఏ రకమో ఒక్క సాయంత్రంలో మీకూ తెలియదు, నాకూ తెలియదు. కానీ తెలుసుకునే దారి చాలా మామూలుది. ఈసారి అడిగితే, “ఇప్పుడు కాదులెండి, చెప్పాలనిపించినప్పుడు చెబుతాను” అనండి, నవ్వుతూనే. తర్వాత ఏం జరుగుతుందో చూడండి. “సరే అక్కా” అని మాట మార్చి, వచ్చే వారం కూడా మీతో అంతే మామూలుగా ఉంటే అది చాలా మంచి గుర్తు. మొహం మాడ్చుకున్నా, మీ భారమేమిటో ఇంకొకరి దగ్గర కూపీ లాగినా, “ఈమె మనసు విప్పదు, ఆత్మీయంగా ఏదో అడ్డం ఉంది” అని మీ వాళ్ళతో అన్నా, అది కూడా గుర్తే. చిన్న ‘కాదు’ను మనిషి ఎలా తీసుకుంటారో చూస్తే తెలిసినంత, నెలల తరబడి కలిసి పాటలు పాడినా తెలియదు.

మొదటిదాని గురించి ఒక మాట. ప్రార్థనతో కన్నీళ్ళు పెట్టించడం ఒక వరం. అది ఉన్నవాళ్ళు నమ్మదగినవాళ్ళే కావాలనేం లేదు, నమ్మరానివాళ్ళనీ కాదు. గొంతు బాగుంటే మనిషి మంచిదని ఎలా అనుకోమో, ఇదీ అంతే. పోతే, మీరు నొచ్చుకోకుండా ఒకటి అడగనా? ఆ ఇద్దరూ కన్నీళ్ళు పెట్టుకున్నప్పుడు మీకెలా అనిపించింది? ఎనిమిదేళ్ళుగా ఒకరినొకరు ఓదార్చుకుంటున్న చోట, నిన్నగాక మొన్న వచ్చిన మనిషి అందరి మనసూ తాకితే కొంచెం చురుక్కుమంటుంది. అది పాపమేమీ కాదు. దానికి ‘ఆత్మల వివేచన’ అని పేరు పెట్టుకుంటేనే చిక్కు. ఆమె మాట తీరు, కట్టూబొట్టూ, చదువు, వెనకటి జీవితం, వీటిలో ఏదైనా మీకు పడకపోతే అదీ ఆ కాగితం మీద రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు.

ఇక లేఖనాల సంగతి. కొత్తవాళ్ళను చూసి భయపడినవాళ్ళు అందులో ఉన్నారు, భయపడకుండా మోసపోయినవాళ్ళూ ఉన్నారు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో సౌలు యెరూషలేముకు వచ్చి శిష్యులతో కలవాలని చూస్తాడు. అందరూ అతనికి భయపడతారు, శిష్యుడంటే నమ్మరు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. విశ్వాసులను ఇళ్ళలోంచి ఈడ్చుకెళ్ళి చెరసాలలో వేయించిన మనిషి అతను. వాళ్ళకు తెలిసిన నిజాలను బట్టి చూస్తే భయపడడమే సరి. అయినా అతను నిజంగానే మారాడు. ఆ ముడి విప్పినవాడు బర్నబా. అతను ఎలా విప్పాడో గమనించండి. “నా మనసుకు మంచిగా అనిపిస్తోంది” అనలేదు. సౌలు దారిలో ప్రభువును ఎలా చూశాడో, ప్రభువు అతనితో ఏం మాట్లాడాడో, దమస్కులో అతను యేసు పేరున ఎంత ధైర్యంగా బోధించాడో వివరంగా చెప్పాడు. పాత నిజాల మీద పుట్టిన భయాన్ని కొత్త నిజాలతో పోగొట్టాడు. మీ కొత్తామె గురించి అలా చెప్పగలిగినవాళ్ళు ఎవరున్నారు? ఆమెను ప్రార్థనలో కాకుండా మామూలు రోజుల్లో చూసినవాళ్ళు, పని ఒత్తిడిలో, కోపంలో, నష్టంలో చూసినవాళ్ళు? అలాంటివాళ్ళు ఉంటే, ఆమెకు ముందే చెప్పి వాళ్ళతో మాట్లాడండి. ఆమె వెనకాల ఆరా తీయకండి.

రెండో కథ యెహోషువ 9లో ఉంది. గిబియోనీయులు పక్కనే కాపురమున్న మనుషులు. దూరదేశం నుంచి వచ్చామని నమ్మించడానికి చిరిగి కుట్టిన ద్రాక్షారసపు తిత్తులు, మాసికలు వేసిన చెప్పులు, ఎండి బూజు పట్టిన రొట్టెలు తెచ్చుకున్నారు. ఇశ్రాయేలీయులు అజాగ్రత్తగా ఏమీ లేరు. “మీరు మా మధ్యనే ఉండేవాళ్ళేమో” అని అడిగారు కూడా. రొట్టె చూశారు, ఆహారం తీసుకున్నారు, వాళ్ళను బతకనిస్తామని ప్రమాణం చేశారు. దేవుణ్ణి మాత్రం అడగలేదు. మూడు రోజులకు నిజం బయటపడింది. ఈ కథను “చూశారా, ప్రార్థన చేయకపోతే ఇంతే” అని చెప్పి ముగిస్తుంటారు. నాకు దాని తర్వాత జరిగింది ముఖ్యం. మోసం తెలిసినా వాళ్ళు ప్రమాణం తప్పలేదు. కట్టెలు కొట్టేవాళ్ళుగా, నీళ్ళు చేదేవాళ్ళుగా వాళ్ళను దేవుని బలిపీఠం దగ్గరే ఉంచుకున్నారు. ఎన్నో తరాల తర్వాత, నెహెమ్యా కాలంలో యెరూషలేము గోడ కట్టినవాళ్ళ జాబితా చూడండి, 3వ అధ్యాయంలో గిబియోను మనుషులు కనిపిస్తారు. అబద్ధంతో లోపలికి వచ్చిన ఊరి పేరు, గోడ కట్టినవాళ్ళలో ఉంది. ఎవరిని చేర్చుకోవాలన్నది ఎంత ముఖ్యమో, చేర్చుకున్నాక వాళ్ళతో ఎలా ఉంటామన్నదీ అంతే ముఖ్యం. సరిగ్గా ఎంచుకుంటే చాలు, ఇక ఏ బాధా ఉండదని మీరు అనుకుంటున్నట్టుంది. యేసుప్రభువు రాత్రంతా ప్రార్థన చేసి పన్నెండుమందిని ఎంచుకున్నాడని లూకా రాశాడు. ఆ పన్నెండుమందిలో, తర్వాత ఆయన్ను శత్రువులకు అప్పగించిన యూదా ఉన్నాడు.

మీ పెద్దక్క మాట గురించి. “దేవుడు నాకు చూపించాడు” అన్నాక ఎవరికీ మాట్లాడడానికి ఏమీ మిగలదు. కాదంటే దేవుణ్ణి కాదన్నట్టవుతుంది. ఆమె కావాలని అలా చేసిందని నేను అనను. మీ కొడుకు విషయంలో మీరు పడిన బాధ ఆమె కళ్ళారా చూసింది, మళ్ళీ అలా జరగకూడదన్న ఆరాటం ఆమెకూ ఉంటుంది. అయినా పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఆత్మల వివేచనను వరాల్లో ఒకటిగా చెప్పి, రెండు అధ్యాయాల తర్వాత, ప్రవచించేవాళ్ళు ఇద్దరో ముగ్గురో మాట్లాడితే మిగతావాళ్ళు దాన్ని వివేచించాలన్నాడు. థెస్సలొనీకయులకు కూడా ప్రవచనాలను తృణీకరించవద్దని చెప్పి, ఆ వెంటనే అన్నింటినీ పరీక్షించమన్నాడు. అంటే వరం ఉన్నవాళ్ళ మాటను కూడా తూచి చూడాలి. అది అవమానం కాదు, పద్ధతి. సమూయేలు అంతటి ప్రవక్త యెష్షయి ఇంట్లో పెద్దకొడుకు ఎలీయాబును చూడగానే ఇతనేనని అనుకున్నాడు. కాదన్నాడు దేవుడు. కావలసినవాడు ఆ గదిలోనే లేడు, గొర్రెలు కాస్తున్నాడు.

కాబట్టి ఆమెతో వాదన పెట్టుకోకండి. ఒంటరిగా కలిసి, “అక్కా, దేవుడు మీకు ఏం చూపించాడో మాక్కూడా చెప్పండి, మేమూ దాన్ని పట్టుకుని ప్రార్థన చేస్తాం” అనండి. ఆమె ఏదైనా విడమరిచి చెబితే, ఆమె గమనించిన ఒక ప్రవర్తన, ఒక మాట, అది మీ కాగితం మీద తెలిసినవాటి వైపు చేరుతుంది. “వద్దన్నాడు, అంతే” అంటే, గౌరవంగా వినండి, ఆరుగురిలో ఒకరి మాటగా లెక్కపెట్టండి. పెద్దావిడ కాబట్టి కొంచెం బరువుగానే లెక్కపెట్టండి. అయితే ఆమె మాట ఒక్కదానితోనే తేల్చేయకండి. మీకు నచ్చని ఇంకో సంగతిలో కూడా ఆమె ఇలాగే “చూపించాడు” అంటే అప్పుడేం చేస్తారు?

“ఆపడానికి మనమెవరం” అన్న సోదరి మనసు మంచిదే, కానీ ఆమె రెండు వేరు వేరు సంగతులను కలిపేస్తోంది. ప్రేమించడం అందరికీ ఉండాలి. లోపలి గది తలుపు అందరికీ తెరవక్కర్లేదు. యోహాను సువార్త 2వ అధ్యాయం చివర చూడండి. సూచక క్రియలు చూసి చాలామంది యేసును నమ్మారట, కానీ ఆయన తనను వాళ్ళ వశం చేసుకోలేదట. వాళ్ళను తరిమేశాడా? లేదు. బోధించాడు, స్వస్థపరిచాడు, వాళ్ళ మధ్యే తిరిగాడు. వెంట జనసమూహం ఉండేది, వాళ్ళలో పన్నెండుమంది, ఆ పన్నెండుమందిలో రూపాంతరపు కొండ మీదికీ గెత్సేమనేలో లోపలికీ వెళ్ళింది ముగ్గురే. కొత్తామెను మీ ఇంటికి పిలవచ్చు, కలిసి సేవ చేయొచ్చు, ఆమెకు జ్వరమొస్తే వెళ్ళి చూడొచ్చు, ఆమె కోసం మోకాళ్ళ మీద ఉండొచ్చు. మీ ఆరుగురి కన్నీళ్ళకు ఆమెను సాక్షిగా కూర్చోబెట్టడం వేరే నిర్ణయం. అది ఇప్పుడే తీసుకోనంత మాత్రాన ఆమెను ప్రేమించనట్టు కాదు.

ఇక ఆ ఉత్తుత్తి రహస్యం ఆలోచన. వద్దు. దయచేసి వద్దు. నిజం మాట్లాడుకోవడానికి పెట్టుకున్న చోటికి ఒక మనిషిని అబద్ధంతో స్వాగతిస్తారా? పైగా దానివల్ల తెలిసేదేమీ లేదు. ఆమె నోరు మూసుకుని ఉంటే, ఆ కట్టుకథ ఆమెకు ఎవరికైనా చెప్పేంతటిదిగా అనిపించలేదని మాత్రమే తేలుతుంది. బయటికి చెబితే, భర్తకో స్నేహితురాలికో బాధపడుతూ చెప్పిందా, కాలక్షేపానికి చెప్పిందా అన్నది తేలదు. ఒకవేళ ఆమె చేరాక ఎప్పుడో ఈ సంగతి ఆమె చెవిన పడితే? పడుతుంది. ఆరుగురికి తెలిసింది ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. ఆ రోజున నమ్మరానివాళ్ళు ఎవరవుతారు?

మన గ్రంథంలోది కాదు గానీ, ఇక్కడ ఒక బౌద్ధ సూత్రం చెప్పకుండా ఉండలేను. కోసల రాజు ప్రసేనజిత్తు బుద్ధుడి దగ్గర కూర్చుని ఉండగా కొందరు సన్యాసులు అటుగా వెళతారు. రాజు లేచి, మోకాలు నేలకానించి, చేతులు జోడించి వాళ్ళకు తన పేరు చెప్పుకుంటాడు. తర్వాత, లోకంలో అర్హంతులు, అంటే విముక్తి పొందిన జ్ఞానులు అనదగినవాళ్ళలో వీళ్ళూ ఉంటారని బుద్ధుడితో అంటాడు. బుద్ధుడు ఒప్పుకోడు. ఒకరి శీలం కలిసి ఉంటేనే తెలుస్తుంది, నిజాయితీ వ్యవహారంలో తెలుస్తుంది, ధైర్యం ఆపదలో తెలుస్తుంది, వివేకం సంభాషణలో తెలుస్తుంది, అదీ చాలాకాలానికి, శ్రద్ధగా గమనించేవాళ్ళకే తెలుస్తుందంటాడు. అప్పుడు రాజు అసలు సంగతి ఒప్పుకుంటాడు. వాళ్ళు సన్యాసులు కారు, అతని గూఢచారులే. ఇంటికి వెళ్ళి దుమ్ము కడుక్కుని, గడ్డాలు సవరించుకుని, తెల్లబట్టలు కట్టుకుని సుఖంగా ఉంటారట. వేషగాళ్ళను చూపించి పరీక్ష పెట్టిన రాజుకు, పరీక్షలు అలా పెట్టరన్న జవాబు దొరికింది.

కలిసి ఉండడం, వ్యవహారం, ఆపద, సంభాషణ. మీ కొత్తామె విషయంలో ఈ నాలుగింటికీ సమయం ఇవ్వచ్చు. అపొస్తలులు కూడా అంతే చేశారు. యూదా స్థానంలో ఇంకొకరిని తీసుకోవాల్సి వచ్చినప్పుడు పేతురు మొదట పెట్టిన షరతు ఏమిటి? యోహాను బాప్తిస్మము మొదలుకొని ఇన్నాళ్ళూ మనతో తిరిగినవాడై ఉండాలని. ఆ షరతుకు సరిపోయిన ఇద్దరిని నిలబెట్టాకే ప్రార్థన చేసి చీట్లు వేశారు. మనం దీన్ని తిరగేస్తాం. ముందు ప్రార్థన, వెంటనే ఒక అనుభూతి, అదే జవాబు, తర్వాత మనిషిని తెలుసుకోవడమో లేకపోవడమో.

క్రైస్తవ సన్యాసినుల మఠాల్లో, సన్యాసుల మఠాల్లో ఈ సమస్య శతాబ్దాలుగా ఉన్నదే. బయటివాళ్ళను లోపలికి తీసుకోవడం వాళ్ళకు జీవితాంతం కలిసి బతికే సంగతి కాబట్టి చాలా ఆలోచించారు. 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ అనే మఠాధిపతి రాసిన నియమావళిలో 58వ అధ్యాయం మొత్తం దీని గురించే. వచ్చినవాళ్ళకు సులభంగా ప్రవేశం ఇవ్వద్దంటాడు. నాలుగైదు రోజులు తలుపు తట్టి ఓపికగా నిలబడితే అతిథుల గదిలో ఉంచాలి. తర్వాత కొత్తవాళ్ళు ఉండే చోటికి పంపి, అనుభవమున్న ఒక పెద్దను తోడుగా పెట్టాలి. రెండు నెలలకు నియమావళి మొత్తం చదివి వినిపించాలి, మరో ఆరు నెలలకు మళ్ళీ, మరో నాలుగు నెలలకు ఇంకోసారి. మొదటిసారి చదివాక చెప్పాల్సిన మాట నాకు చాలా ఇష్టం: నువ్వు లోబడదామనుకుంటున్న నియమం ఇదీ, పాటించగలిగితే లోపలికి రా, లేకపోతే నిరభ్యంతరంగా వెళ్ళిపో. దాదాపు ఏడాది అవుతుంది ఇదంతా. ఆ ఏడాదంతా మఠం ఆమెనో అతన్నో చూస్తుంది, వచ్చినవాళ్ళు కూడా మఠాన్ని చూస్తారు. దేనిలో అడుగుపెడుతున్నామో తెలిసి అడుగుపెడతారు.

మీ ఆరుగురికి నియమం ఏముంది? ఎప్పుడైనా నోటితో అనుకున్నారా? “ఇక్కడ చెప్పుకున్నది ఇక్కడే ఉండాలి, భర్తలకు కూడా చెప్పకూడదు, చెప్పుకున్న మనిషి అడిగితే తప్ప ప్రార్థన మనవిగా కూడా బయటికి వెళ్ళకూడదు” అని? అనుకుని ఉండరు. ప్రేమ ఉంది కదా, అనుకోవడమెందుకు అనిపిస్తుంది. కొత్తామెను ఏ కొలతతో చూస్తారు మరి? మీకే లేని నియమాన్ని ఆమె తప్పుతుందేమోనని భయపడుతున్నారు.

స్పెయిన్‌లో సన్యాసిని అవిలా తెరేసా 1562లో మొదలుపెట్టిన మొదటి చిన్న మఠానికి 13 మంది చాలనుకుంది. ఆ ఇంటి సోదరీమణుల కోసం రాసినదాంట్లో, ఇంత కొద్దిమంది ఉన్నచోట అందరూ అందరికీ స్నేహితులుగా ఉండాలనీ, ఇద్దరిద్దరు జతలుగా అతుక్కుపోతే ఇల్లు పాడవుతుందనీ హెచ్చరించింది. పొసగని మనస్తత్వం ఉన్నవాళ్ళను మొహమాటానికి శాశ్వతంగా చేర్చుకోవద్దని కూడా అంతే గట్టిగా రాసింది. తలుపు దగ్గర జాగ్రత్త, ఇంటి లోపల జాగ్రత్త, ఆమెకు రెండూ ఒకటే పని.

మీరు తలుపు దగ్గరే నిలబడిపోయారు చెల్లెమ్మా. మీ కొడుకు మాట బయటికి వెళ్ళింది కొత్తవాళ్ళ వల్ల కాదు. మీరు ఏరికోరి కూర్చోబెట్టుకున్న మనిషి వల్ల, మీ చేయి పట్టుకుని ఏళ్ళ తరబడి ప్రార్థన చేసిన మనిషి వల్ల. ఆమె ఇవాళ్టికీ మీ ఎదురుగా కూర్చుంటోంది. ఈ రెండేళ్ళలో మీరు ఆ గుంపులో మనసు విప్పి ఎన్ని మాటలు చెప్పారు? ఉత్తరంలో రాయలేదు గానీ నాకు అనుమానమే. మీ లోపల బిగుసుకుపోయేది కొత్తామె వచ్చినప్పుడే అంటున్నారు. ఆమె రాకముందు ఆ గదిలో మీరు నిజంగా హాయిగా ఉండేవారా? అలవాటైపోయిన బిగింపు మనకు తెలియదు, కొత్త మనిషి వస్తేనే బయటపడుతుంది. మీకు కోపం ఒకరి మీద, అనుమానం ఇంకొకరి మీద అని నాకనిపిస్తోంది. కాదేమో కూడా. మీరే చూసుకోవాలి.

అందుకే కొత్తామె విషయం తేల్చే ముందు ఆ సోదరితో మాట్లాడండి. మత్తయి 18లో ప్రభువు చెప్పిన వరస మీకు తెలుసు, ముందు ఒంటరిగా, ఆమె, మీరు మాత్రమే. పెద్దక్కను తీసుకెళ్ళకండి, మిగతావాళ్ళకు ముందే చెప్పకండి. “నా కొడుకు సంగతి నీ ద్వారా బయటికి వెళ్ళిందని నాకు తెలుసు. రెండేళ్ళుగా నీతో మామూలుగా ఉన్నట్టు నటిస్తున్నాను, ఇక నావల్ల కావడం లేదు” అని చెబితే చాలు. ఆమె ఏడవచ్చు, బుకాయించవచ్చు, ప్రార్థన కోసమే చెప్పానని అనవచ్చు. నిజంగానే ప్రార్థన కోసమే చెప్పి ఉండొచ్చు కూడా, అప్పుడు మీకు నియమం లేదు కదా. ఏమన్నా సరే, ఆ మాట మీ ఇద్దరి మధ్య బయటపడ్డాక, మీ కళ్ళు కొంచెం తేటపడతాయి. 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా అనే క్రైస్తవ గురువు వివేచన గురించి రాసిన సూత్రాల్లో ఒకటుంది: మనసు చీకటిగా, కుంగి ఉన్నప్పుడు కొత్త నిర్ణయాలకు పోవద్దు, అంతకుముందు ప్రశాంతంగా ఉన్నప్పుడు అనుకున్నదాని మీదే నిలబడు. మీరు చాలాకాలంగా ఆ చీకట్లోనే ఉన్నారు. అందులో ఉండి “దేవుడు ఈమెను వద్దంటున్నాడు” అన్న గొంతు వింటే నేనైతే దాన్ని ఇంకోసారి అడుగుతాను.

ఆ తర్వాత ఆరుగురూ కూర్చుని నియమం ఒకటి అనుకోండి. పొడుగ్గా అక్కర్లేదు. కొత్తవాళ్ళు వస్తే ఎంతకాలం ఎలా ఉండాలన్నది కూడా అందులో పెట్టుకోండి. కొన్ని నెలలు కలిసి వాక్యం చదువుకోవడం, ఇద్దరితో కలిసి ఏదైనా సేవ, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళను చూడడానికి వెళ్ళడమో, పెద్దవాళ్ళకు పనిలో సాయం చేయడమో. పేరు రాని పని అయితే ఇంకా మంచిది. అక్కడ మీకు చాలా కనిపిస్తుంది. వదిలి వచ్చిన సహవాసం గురించి ఆమె ఎలా మాట్లాడుతుంది? అక్కడివాళ్ళందరిదీ తప్పేనా, తనదేమీ లేదా? ఎవరైనా ఏడుస్తుంటే పక్కన ఊరికే కూర్చోగలదా, వెంటనే ఏదో ఒకటి చెప్పేయాలా? అనుకున్న సమయానికి వస్తుందా, రాలేకపోతే చెబుతుందా? ఇవి పెద్ద ఆత్మీయ గుర్తుల్లా కనిపించవు, కానీ లోపలి మాట అప్పగించేది ఇలాంటి మనిషికే కదా. ఆమె కూడా మిమ్మల్ని ఇలాగే చూస్తుంటుంది. మీ గుంపు ఆమెకు సరిపోదని ఆమే అనుకోవచ్చు.

ఆఖరికి వద్దనుకుంటే, దేవుడి పేరు మాత్రం వాడకండి. “దేవుడు మాకు వద్దన్నాడు” అన్న మాట మోసుకుని ఇంటికెళ్ళిన మనిషి ఆ రాత్రి ఎవరికి ప్రార్థన చేసుకోవాలి? “మేము ఇప్పుడు కొత్తవాళ్ళను చేర్చుకునే స్థితిలో లేము” అనండి. నిజం కూడా అదే. ఆమె గురించి మీ ఆరుగురూ మాట్లాడుకున్నవి ఆ గది దాటనివ్వకండి, మీ నియమం మొదట ఆమె విషయంలోనే పాటించండి.

మీ ఉత్తరంలో ఒక వరుస నేను పైన అచ్చు వేయలేదు. ఆమె అడిగి నెల దాటిందని, ఎవరూ ఇంకా జవాబు చెప్పలేదని, సంఘంలో ఎదురుపడితే అందరూ పలకరించి తప్పుకుంటున్నారని రాశారు. మిగతావన్నీ తీరిగ్గా చేయొచ్చు, ఇదొక్కటి ఆగదు. ఈ వారమే ఫోన్ చేయండి. “మీరు అడిగినదానికి జవాబు ఆలస్యమైంది, క్షమించండి. మా మధ్య సర్దుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి మీ వల్ల వచ్చినవి కావు. కొన్నాళ్ళు పడుతుంది. ఈలోపు ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు నాతో వస్తారా?”